తక్కువ అని వచ్చిన రిపోర్టు

శివరాత్రి పోయినంక

మా డిపోల బండి తాళం చేతికిచ్చే ముందు ఒక చిన్న మిషను నోటికాడ పెట్టి ఊదమంటరు. తాగి వచ్చినోడు అక్కడనే తేలిపోతడు. నేను ఎప్పుడు ఊదినా సున్నానే వచ్చేది. అయినా మా సూపర్‌వైజర్ సత్తన్న మిషను చూసి, నా చేతులు చూసి, మల్ల మిషను చూసేటోడు. నా చేతులు వణుకుతుండె. సన్నగ, చలి పెట్టినోనికి వణికినట్టు. బయటనేమో ఎండలు ముదురుతున్నయి.

"మహేందర్, నిన్న ఏమన్న..." అని సగంల ఆపేటోడు సత్తన్న.

"నేను ముట్టనన్నా. నీకు తెల్వదా?"

"తెలుసు. మరి చేతులెందుకు గట్ల ఆడుతున్నయి?"

అదే నాకూ తెల్వదు.

నేను ఎయిర్‌పోర్టుల పనిచేసేటోళ్ల బస్సు నడుపుత. షాద్‌నగర్‌ల, కొత్తూరుల ఎక్కించుకోని శంషాబాద్ దాటి లోపట దించుడు, షిఫ్టు అయిపోయినోళ్లను మల్ల వాపస్ తీస్కపోవుడు. నేలలు తుడిచేటోళ్లు, సామాన్లు ఎత్తేటోళ్లు, దుకాణాలల్ల నిలబడి అమ్మేటోళ్లు, అందరు నా బండిల్నే. మా ఊరు కొత్వాల్‌గూడ. పెండ్లయినంక శంషాబాద్‌ల కిరాయికుంటున్నం, నేను, నా భార్య రేణుక. ఆమె ఒక ప్రైవేటు బడిల చిన్నపిల్లలకు చదువు చెప్తది.

ఆ ఎండాకాలం నాకు కూసుంటె నిలబడబుద్ధి, నిలబడితె నడవబుద్ధి. అన్నం తింటుండగ లేచి వాకిట్లకు పోయి వచ్చేటోణ్ణి. ఎందుకు పోయినవంటె చెప్పరాకపోతుండె. ఎడమదిక్కు ఒరిగి పండుకుంటె గుండె కొట్టుకునుడు చెవిల వినిపించేది. ఆకలి మాత్రం ఆగలేదు. రేణుక ఎంత వండినా గిన్నె ఊడ్చినట్టు తినేటోణ్ణి, మల్ల జరసేపటికి కడుపు ఖాళీ. అంత తిన్నా ప్యాంటు నడుముకు ఆగకపోతుండె. బెల్టుకు కొత్త బొక్కలు పొడిపిచ్చుకున్న.

సుగర్ వచ్చిందేమోనని చాలామంది అన్నరు. ల్యాబుల రక్తమిచ్చిన. సుగర్ మంచిగనే ఉన్నదన్నరు. మంచిగున్నదని విన్నంక సంబురపడాలె గదా. నాకు ఇంక కోపమొచ్చింది. ఊదితే సున్నా, సుగర్ చూస్తె మంచిగ, మరి నేనెందుకు గిట్ల అయిపోతున్న?

ఇంట్ల ఫ్యాను దగ్గర లొల్లి మొదలైంది. నేను ఫుల్లు పెడితె రేణుక చద్దరు కప్పుకునేది. ఆమె తగ్గిస్తె నాకు ఒళ్లంత నీళ్లు కారేటియి. ఒకనాడు ఆమె గిన్నెలు కడుగుతుంటె ఆ చప్పుడుకే అరిసిన. ఆమె చేతులు తుడుచుకోని నా ముందట నిలబడ్డది.

"నా దగ్గర ఏం దాస్తున్నవు?" అన్నది.

"ఏం దాస్త?"

"అప్పో, ఇంకేమన్ననో. మనిషివి సగమైనవు. మాట్లాడితె కొడుతున్నట్టే మాట్లాడుతున్నవు. నువ్వు గిట్లాంటోనివి కాదు గదా మహేందర్."

నేను గిట్లాంటోణ్ణి కాదని నాకూ తెలుసు. కని నా లోపల ఎవడో బండి గేరు పైకి వేసి పెట్టి పోయినట్టుండె, నేను దించుదామంటె దిగకపోతుండె. ఈ మాట ఆమెకు చెప్పిన్నా అంటె, చెప్పలేదు. లేచి మెట్లమీదికెళ్లి పైకి పోయిన. అక్కడా నిలబడలేక కిందికొచ్చిన.

బండిల కూడ అట్లనే. మేరమ్మ అని ఒకామె షాద్‌నగర్ దాటినంక ఒక స్టేజీల ఎక్కుతది, ఎయిర్‌పోర్టుల నేలలు తుడిచే పని. మోకాళ్ల నొప్పులు, మెల్లగ ఎక్కుతది. ఒకనాడు ఆమె మీద అందరి ముందట గలీజుగ అరిసిన. ఆమె పోయి సీట్ల కూసోని, "ఇంట్ల ఏమన్న పరేషానా బిడ్డా?" అని అడిగింది. నేను అద్దంల చూడలేకపోయిన.

ఆషాఢం

మా అక్క పద్మ మంఖాల్‌ల ఉంటది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నన్ను సాదింది అక్కనే. ఆమె, మా బావ కలిసి ఆకుకూరలు పండిస్తరు. ఆషాఢంల వాళ్లింట్ల బోనాల పండుగ చేస్తె నేనూ రేణుక పోయినం. బగార అన్నం, నాటుకోడి కూర, సేమియా పాయసం. అక్క పెట్టుకుంట పోయింది, నేను తినుకుంట పోయిన. ఇంత సన్నగైనవేందిరా అని ఏడ్చినంత పని చేసింది.

తిన్నంక రేకుల కింద మంచమేసుకోని ఒరిగిన. నిద్రపట్టింది. నిద్రపట్టుడే ఆ రోజులల్ల పెద్ద సంగతి.

లేద్దామని చూస్తె కాళ్లు లేవలేదు.

తిమ్మిరెక్కినయనుకున్న. చేత్తోటి తొడను గిచ్చిన. గిచ్చింది తెలుస్తున్నది. పాదం మీద ఈగ వాలితె అది కూడ తెలుస్తున్నది. కని కాలును జరపమంటె జరుగుతలేదు. నా కాలు కానట్టు, ఎవరిదో తెచ్చి నా నడుముకు ఆనిచ్చి పెట్టినట్టు. చేతులు కూడ బరువుగనే ఉన్నయి గని లేస్తున్నయి.

"బావా," అన్న. "నా కాళ్లు లేస్తలేవు."

మా బావ గేటుకాడ బీడీ తాగుతుండు. "ఇగ రాత్రిదాక గీడనే పండుకో," అని నవ్విండు.

"నిజంగనే లేస్తలేవు బావా."

నా గొంతు విన్నడో మొఖం చూసిండో, బీడీ పారేసి ఉరికొచ్చిండు. తెలిసినోళ్ల కారుల నన్ను చద్దర్ల ఎత్తి వేసిన్రు. పక్షవాతం అని ఎవరో అన్నరు. రేణుక నా తల ఒళ్లె పెట్టుకోని, "మూతి చూడక్కా, వంకరపోయిందా?" అని అక్కను అడుగుతనే ఉన్నది. పోలేదు. మాట కూడ మంచిగనే వస్తున్నది. అదే ఎక్కువ భయమైంది నాకు. తెలివి మొత్తం ఉన్నది, నడుము కింద మాత్రం మనిషి లేడు.

శంషాబాద్‌ల ఒక ప్రైవేటు దవాఖాన. తలకు స్కాన్ తియ్యాలన్నరు. నరంల రంగుమందు ఎక్కిచ్చిన్రు, ఒంట్ల వేడి నీళ్లు పారినట్టైంది. స్కాన్ అయ్యి బయటకొచ్చినంక చానసేపు వరండాల స్ట్రెచర్ మీద ఉంచిన్రు. వచ్చేటోళ్లు పోయేటోళ్లు నన్నే చూసుకుంట పోతున్నరు. అప్పుడు కాలి బొటనవేలు కదిలింది. నేనే నమ్మలేదు. జరసేపటికి మడమ. మోకాలు. రక్తం తీసుకుంటానికి సిస్టర్ వచ్చేటప్పటికి కాళ్లు ముడుచుకోని కూసున్న. సాయంత్రానికి నా అంతట నేనే లేచి బాత్‌రూముకు పోయిన.

డాక్టర్ వచ్చి స్కాన్‌ల ఏం లేదన్నడు. నీరసం, ఎండదెబ్బ, టెన్షన్, ఈ మాటలు చెప్పిండు. కొన్ని రక్తపరీక్షల రిపోర్టులు రేపు ఫోన్‌కు వస్తయి, ఒకసారి వచ్చి చూపిచ్చుకోండి అని పంపిచ్చిండు.

మధ్యాహ్నం చద్దర్ల మోసుకొచ్చిన మనిషి నడుచుకుంట బయటకు పోతుంటె గేటుకాడ వాచ్‌మన్ కూడ వింతగ చూసిండు. ఆటోల రేణుక నా చెయ్యి పట్టుకున్నది. కొంచెం దూరం పోయినంక, మెల్లగ అడిగింది.

"నిజంగనే పోయినయా కాళ్లు?"

ఆమె తప్పేం లేదు. ఆమె జాగల నేనున్నా గదే అడుగుదును. కని ఆ మాట నాకు చానరోజులు లోపల గుచ్చుకుంటనే ఉండె.

అక్క ఇచ్చిన గోలీలు

తెల్లారి రిపోర్టులు ఫోన్‌కొచ్చినయి. అన్ని నల్లటి అక్షరాలల్ల ఉన్నయి, ఒక్కటే వరుస ఎర్రగున్నది. టీఎస్‌హెచ్. దాని పక్కన సున్నా, చుక్క, మల్ల సున్నా, ఒకటి. పక్కన కిందికి చూపే బాణం గుర్తు.

డాక్టర్‌కు చూపిద్దామని రేణుక అన్నది. నాకు సెలవు దొరకలేదు. దొరకలేదు అనుడు కంటె, సత్తన్నను అడగబుద్ధి కాలేదు. మల్ల నా చేతుల దిక్కు చూస్తడు గదా. అక్కకు ఫోన్ చేసి, టీఎస్‌హెచ్ తక్కువున్నదట అన్న.

అక్క ఊపిరి పీల్చుకున్నట్టు వినొచ్చింది. "గంతేనా. గది థైరాయిడ్‌రా. నాక్కూడ తక్కువే గదా, ఎన్నేండ్ల సంది గోలి వేసుకుంటలేనా?"

అక్కకు థైరాయిడ్ ఉన్నదని నాకు తెలుసు. ఒకప్పుడు ఆమె ఒళ్లు ఉబ్బి, మాట సాగి, మెట్టెక్కాలంటె తొడలు పట్టుకునేది. అప్పుడు డాక్టర్, మీకు థైరాయిడ్ తక్కువగ పనిచేస్తుందమ్మా అని చెప్పి గోలి రాసిచ్చిండు. అది వేసుకున్నంక మనిషి నిలబడ్డది. ఆ 'తక్కువ' అనే మాట ఆమెకు యాదికున్నది. నా రిపోర్టుల కూడ తక్కువ అనే ఉన్నది. ఇద్దరం ఒక తల్లి పిల్లలం, ఒకటే రోగం అనుకున్నది. ఎవరైనా గదే అనుకుంటరు.

ఆ వారం ఆమెనే బస్సెక్కి వచ్చింది. కొంగుముడి ఇప్పి గోలీల షీట్లు రెండు తీసింది.

"పరగడుపున వేసుకో. వేసినంక జరసేపు చాయ్ కూడ తాగొద్దు. నువ్వు మంచిగైతవు సూడు," అన్నది.

రేణుక ఒక్కసారి అన్నది, "డాక్టర్‌ను అడగకుంట ఎట్లక్కా?" అని. అక్క మొఖం చిన్నబోయింది. నేను రేణుక మీదనే గరమైన. పొద్దున్నే గోలి వేసుకునుడు మొదలుపెట్టిన.

శ్రావణం వచ్చింది. బయట ముసురు, నాకు మాత్రం ఒళ్లంత చెమట. గుండె దడ ఇంక పెరిగింది. చాయ్ గిలాస పట్టుకుంటె సాసర్ల ఒలికేది. కండ్లు పెద్దగైనట్టున్నయని రేణుక అన్నది. గోలి పట్టాలంటె టైం పడతదిరా, నాక్కూడ నెలలు పట్టింది అని అక్క ఫోన్‌ల ధైర్యం చెప్పేది. నేను ఇంట్ల ఒక జాగల ఉండుడు బందైపోయింది. టీవీ పెడుత, బందు పెడుత. చెప్పులేసుకుంట, ఇడుస్త. పాత మిత్రులు కలుస్తరేమోనని రోడ్డు మార్చి నడుస్త. ఏం ముంచుకొస్తున్నదో తెల్వదు గని, వస్తున్నదని మాత్రం ఒళ్లుకు తెలుస్తున్నది.

శ్రావణం చివర

ఆనాడు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌ల బండి నిలిపి క్యాంటీన్‌ల అన్నం తిన్న. ఎవరికో కొడుకు పుట్టిండని స్వీట్లు పంచుతున్నరు, నేను చాన తిన్న. షిఫ్టు అయిపోయేదాక డ్రైవర్ సీట్లనే కూసోని కండ్లు మూసిన.

జనం ఎక్కుతున్న చప్పుడుకు లేచిన. తొడలు బరువుగున్నయి. కూసోని కూసోని అట్లైందనుకున్న. బండి స్టార్టు చేసి, కష్టం మీద క్లచ్ తొక్కి, గేరేసి ఇడిసిన. బండి కదిలింది. ముందట వేరే బండి వెనుకకు వస్తుంటె బ్రేకు తొక్కుదామని చూసిన.

కాలు ఆక్సిలేటర్ మీదికెళ్లి లేవలేదు.

చెయ్యి పనిచేసింది. హ్యాండ్ బ్రేకు గుంజిన. తాళం తిప్పి ఇంజన్ ఆర్పిన. బండి కుదుపుకు జనం ముందటి సీట్లమీద పడ్డరు. ముందున్న బండికి మా బండికి నడుమ ఒక మనిషి పట్టేంత జాగ ఉన్నది. ఆ జాగల నిజంగనే ఒక పిల్లగాడు ఫోన్ మాట్లాడుకుంట నిలబడి ఉన్నడు. మా దిక్కు చూసి, పక్కకు జరిగి, మల్ల ఫోన్ మాట్లాడుకున్నడు.

"అందరు దిగున్రి," అన్న. "నాతోటి కాదు."

ఏమైందని అందరు అడుగుతున్నరు. నాకు పార్కింగ్ కనబడుతలేదు. హైవే కనబడుతున్నది. కొత్తూరు దాటినంక లారీల నడుమ ఈ బండి, ఈ జనం. అప్పుడు గిట్లైతే అని.

ఎవరో ఫోన్ చేస్తె సత్తన్న వచ్చిండు. ఈసారి మిషను తేలేదు. నా కాలు ఎత్తి పట్టుకోని ఇడిస్తె అది కట్టెలెక్క కిందపడ్డది. అది చూసి ఆయన మొఖం మారిపోయింది. "ఇన్నిరోజులు నేను నిన్ను..." అని మాట పూర్తి చెయ్యకుంట అంబులెన్స్‌కు ఫోన్ చేసిండు. నా వెంబడి ఎక్కింది మాత్రం మేరమ్మ. ఇంటికి పోయే వేరే బస్సు ఇడిసిపెట్టి, నా చెప్పులు ఒళ్లె పెట్టుకోని కూసున్నది. దారిల నేను ఏదో చెప్పబోతె, "తర్వాత మాట్లాడుకుందాం బిడ్డా, ఊపిరి పీల్చుకో," అన్నది.

ఈసారి శంషాబాద్‌ల్నే వేరే దవాఖాన. ఎమర్జెన్సీల ఒక డాక్టరమ్మ ఉన్నది. విజయవాడ దిక్కు మాట. ఆమె స్కాన్ అనలేదు. ముందు ఛాతి మీద తీగలు పెట్టి గుండెకు ఈసీజీ తీసింది, వెంటనే రక్తం తీయించింది. రిపోర్టు రాకముందే నా చేతులు ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక పలుచని కాయితం పెట్టింది. కాయితం గాలికి ఆడినట్టు గడగడలాడింది.

"బరువు తగ్గారా ఈమధ్య?"

"చాన తగ్గిన మేడం."

"ఆకలి?"

"ఎంత తిన్నా తీరుతలేదు."

ఆమె నా మెడ మీద వేళ్లు పెట్టి మింగమన్నది. అంతకుముందు ఎవ్వరూ నా మెడ ముట్టుకోలేదు. ఇంతల రక్తం రిపోర్టు వచ్చింది. పొటాషియం బాగ పడిపోయిందన్నరు. నరంల పొటాషియం ఎక్కిస్తుంటె చెయ్యంత నిప్పు పారినట్టు మండింది. గుండె ఆగిపోకుండ మిషను పెట్టి చూసుకుంట మెల్లగ ఎక్కిచ్చిన్రు. ఇది గుండెను కూడ ఆపగలదా అని అప్పుడు అర్థమైంది.

కాళ్లు వచ్చేసరికి రేణుక, అక్క, బావ అందరు వచ్చిన్రు. పాత రిపోర్టు ఉన్నదా అని డాక్టరమ్మ అడిగితె రేణుక నా ఫోన్ ఇచ్చింది. ఆమె ఆ ఎర్ర వరుస చూసి, మా దిక్కు చూసింది.

"దీని గురించి మీకు ఎవరూ చెప్పలేదా?"

"థైరాయిడ్ తక్కువుందని..." అన్నది రేణుక.

"తక్కువ కాదమ్మా, చాలా ఎక్కువుంది."

ఎవ్వరికీ అర్థం కాలేదు. ఆమె స్టూలు గుంజుకోని కూసున్నది. "టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు కింద ఉండే చిన్న గ్రంథి, నువ్వు పనిచెయ్యి అని థైరాయిడ్‌కి పంపే పురమాయింపు అది. థైరాయిడ్ సరిగ్గా చెయ్యకపోతే పురమాయింపు పెరుగుతుంది. ఈయనకి థైరాయిడ్ అవసరానికి మించి చేస్తోంది. అందుకని ఇంక వద్దు అని మెదడు ఆపేసింది. ఆ కింది బాణానికి అర్థం అది. థైరాయిడ్ ఎంత చేస్తోందో చూడాలంటే టీ3, టీ4 చూడాలి. ఇప్పుడు చూశాం, రెండూ బాగా పైనున్నాయి." థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కొందరు మగవాళ్లకు గిట్ల అయితదని, కడుపునిండ తిని పండుకుంటె రక్తంల పొటాషియం కండరాలల్లకు పోయి కాళ్లు పడిపోతయని చెప్పింది. అది తిరిగి బయటకొస్తె కాళ్లు వస్తయి. మొదటిసారి రక్తం తీసేటప్పటికే అది వచ్చేసింది, అందుకే ఎవరికీ దొరకలేదు.

నాకు ఏడుపొచ్చింది. జబ్బేందో తెలిసినందుకు గాదు. నిజంగనే కాళ్లు పోయినయని ఒక మనిషి రేణుక ముందట చెప్పినందుకు.

"ఏమైనా మందులు వాడుతున్నారా? ఎవరైనా ఇచ్చినవి, నాటుమందులు, ఏవైనా?"

"లేదు మేడం," అన్న. అక్క మంచం కాళ్లకాడ నిలబడి ఉన్నది. ఆమె దిక్కు చూడకుంటనే అన్న. రేణుక నోరు తెరిచి మూసింది.

డాక్టరమ్మ రాసుకోబోతుంటె అక్క ముందుకొచ్చింది.

"నేనిచ్చిన," అన్నది. "నా థైరాయిడ్ గోలీలు. పొద్దుగాల ఒకటి వేసుకొమ్మన్న."

"ఎన్నాళ్ల నుంచి?"

"బోనాలు అయిపోయిన వారం సంది."

డాక్టరమ్మ తిట్టలేదు. కలం పక్కన పెట్టింది. తర్వాత, "అవి థైరాయిడ్ తక్కువున్నవాళ్లకి ఇచ్చేవి, ఈయనకి ఇప్పటికే ఎక్కువైన దాన్నే పైనుంచి ఇంకొంచెం పోస్తాయి. ఈరోజు నుంచి ఆపేయండి. చెప్పి మంచిపని చేశారు," అన్నది.

అక్క తల ఊపింది. కొంగు నోటికాడ పెట్టుకోని బయటకు పోయింది. బావ ఆమె ఎన్కాల పోయిండు. నన్ను ఇంటికి పంపే రోజుకు కూడ ఆమె రాలేదు.

ఎదురుచూసుడు

జబ్బు ఎక్కడికెళ్లి వచ్చిందో తెలుసుకోవాలె, మెడకు స్కాన్ తీయించండి అన్నరు. సిటీల ఒక సెంటర్‌కు పోయినం. సూదిల మందెక్కిచ్చి, దాన్ని థైరాయిడ్ ఎంత గుంజుకుంటదో చూసే స్కాన్ అట. పేరు పిలిచేదాక కూసోలేక ఆ వరండా ఎన్నిమార్లు తిరిగిన్నో. మెడకు తువ్వాల చుట్టుకున్న ఒక పెద్దాయన, "కూసో నాయనా, నిన్ను చూస్తె నాకు తల తిరుగుతున్నది," అన్నడు. నవ్వొచ్చింది. చాన రోజులకు నవ్విన.

లోపట, ఈమధ్య రంగుమందు ఎక్కించే స్కాన్ ఏమైనా తీశారా అని అడిగిన్రు. తలకు తీసిన్రని చెప్పిన. అయితే ఇప్పుడు లాభం లేదు, ఆ రంగుమందుల అయోడిన్ ఉంటది, అది ఒంట్లకెళ్లి పోయేదాక ఈ స్కాన్ నిజం చెప్పదు, ఆగాలె అని వాపస్ పంపిన్రు.  

డాక్టరమ్మ పరేషాన్ కావొద్దన్నది. రక్తంల ఇంకొక పరీక్ష చేయించింది. మన ఒంట్ల రోగం మీద కొట్లాడేటియి దారితప్పి థైరాయిడ్‌నే ఉసిగొలుపుతున్నయా అని చూసేది. ఉసిగొలుపుతున్నయనే వచ్చింది. దాన్ని గ్రేవ్స్ జబ్బు అంటరట. పేరు కొత్తది, భయం కూడ కొత్తదే అయింది. కని మందున్నది, తగ్గుతది అన్నది. థైరాయిడ్‌ను అణిచే గోలి, దడ తగ్గేదానికి ఇంకొక గోలి. జ్వరం, గొంతునొప్పి వస్తె ఆగకుంట రావాలని గట్టిగ చెప్పింది. అన్నం కొంచెం కొంచెమే తినాలె, స్వీట్లు, కూల్‌డ్రింకులు బంద్. బండి ఆమె చెప్పేదాక ముట్టొద్దు.

సత్తన్న నన్ను డిపోల కూసోబెట్టి బండ్లు వచ్చేది పోయేది చూసే పనిచ్చిండు. ఇంజన్ల చప్పుడు వింటుంటె కాళ్లు ఊకుండకపోయేటియి. ఇగ ఎప్పటికి నన్ను సీటు మీదికి పోనియ్యరేమో అనిపించేది. పోనిచ్చినా, పోగలనా అనిపించేది.

దసరా దాటినంక రక్తపరీక్ష చేసిన్రు. టీ3, టీ4 మామూలుకొచ్చినయి. టీఎస్‌హెచ్ మాత్రం ఎక్కడిదక్కడనే, అట్టడుగున. ఆ ఎర్ర వరుస చూసి ఆనాడంత అన్నం తినలేదు. మందు పనిచేస్తలేదనుకున్న. డాక్టరమ్మ చెప్పింది, "మెదడు చాలా నెలలుగా పురమాయింపు ఆపేసింది కదా, మళ్లీ మొదలుపెట్టడానికి ఆలస్యమవుతుంది. అది అందరికన్నా చివర్న లేస్తుంది. మీరు దాని కోసం కాచుకుని కూర్చోకండి."

రేణుక నా ఫోన్ తీసుకోని రిపోర్టులు తన దగ్గర పెట్టుకున్నది. "ఇగ నీకు చూపియ్య. డాక్టర్‌కే చూపిస్త," అన్నది. ఇద్దరం నవ్వుకున్నం. ఫ్యాను నడిమధ్యల పెట్టుకుంటున్నం అప్పటికి.

చలికాలం

నేను కుదుటపడుతున్నకొద్ది అక్క గుర్తుకొచ్చుడు ఎక్కువైంది. ఫోన్ చేస్తె బావ ఎత్తేటోడు. పండుకున్నది అనేటోడు. ఎప్పుడు చేసినా పండుకునే ఉంటుండె.

ఒక ఆదివారం చెప్పకుంటనే మంఖాల్ పోయిన. అక్క వాకిట్ల ఎండకు కూసోని ఉన్నది, మీద రెండు చద్దర్లు. మొఖం ఉబ్బి ఉన్నది. నన్ను చూసి లేద్దామని చెయ్యి నేలకానిచ్చి, మల్ల కూసున్నది.

"వచ్చినవా," అన్నది. ఆ ఒక్క మాటకు ఎంతసేపు పట్టిందో. గొంతు గరగరలాడుతున్నది. ఈ గొంతు నాకు తెలుసు. ఎన్నో ఏండ్ల కింద, ఆ గోలి మొదలు కాకముందు విన్నది.

"అక్కా, గోలి వేసుకుంటున్నవా?"

చద్దరు మెడదాక గుంజుకున్నది.

"ఎప్పటి సంది బందు పెట్టినవు?"

"నిన్ను పడేసిన గోలి నేనెట్ల మింగుదురా," అన్నది.

 ఆమె పక్కన నేల మీదనే కూసున్న. ఆమె చెయ్యి పట్టుకున్న, మంచుల పెట్టి తీసినట్టున్నది. నా మీద ప్రేమతోటి గోలి ఇచ్చింది, అదే ప్రేమతోటి తన గోలి మానేసింది. నేను అన్ని నెలలు నా ఎర్ర వరుస చూసుకుంటనే ఉన్న. అక్క దిక్కు ఎవ్వరం చూడలేదు.

తెల్లారి బతిమిలాడి, బెదిరిచ్చి శంషాబాద్ తోలుకపోయిన. ఆమె టీఎస్‌హెచ్ చూస్తె, నాది ఎంత కిందున్నదో ఆమెది అంత పైకి పోయింది. బాణం పైకి ఉన్నది. దాన్ని చూపిచ్చి ఆమెకు నేనే చెప్పిన, నీకు థైరాయిడ్ తక్కువైంది కాబట్టి గిది పెరిగింది, నాకు ఎక్కువైంది కాబట్టి తగ్గింది అని. ఆమె ఇన్నదో లేదో. డాక్టరమ్మ ముందట కూసోంగనే ఒకటే మాటన్నది.

"నా తమ్మున్ని నేనే మంచంల పడేసిన మేడం."

డాక్టరమ్మ నా ఫైలు తెరిచింది. "ఈయన కాళ్లు మొదటిసారి ఎప్పుడు పడిపోయాయి?"

"మా ఇంట్లనే. బోనాలనాడు."

"అప్పటికి మీ మాత్ర వేసుకున్నారా?"

అక్క ఆగింది. మెల్లగ ఆలోచిస్తున్నది, ఆమెకు ఆ రోజులల్ల అన్ని మెల్లగనే.

"లేదు," అన్నది. "అప్పటికింక ఇయ్యలేదు. రిపోర్టు వచ్చినంక ఇచ్చిన."

"మీ మాత్రలు జబ్బుని ఎగదోసి ఉంటాయి. అది అబద్ధం చెప్పను. కానీ దాన్ని తెచ్చింది మీరు కాదు. అది అంతకుముందే ఉంది. మీ మందు మీకు ప్రాణం, మానకూడదు."

 అక్క నా దిక్కు తిరిగింది.

"గీ మాట నాకెవ్వరు జెప్పలేదేందిరా?" అన్నది.

ఎవ్వరం చెప్పలేదు. మాకే తట్టలేదు. అందుకే గిది రాస్తున్న. రిపోర్టుల ఎక్కువ తక్కువలు మనకు మనం చదువుకోవద్దు, ఒకరి గోలి ఒకరు మింగొద్దు, గంత మాట చెప్పేదానికి గీ కథంత చెప్పాల్సొచ్చింది.

అక్క ఇప్పుడు గోలి వేసుకుంటున్నది. నాకు మొన్ననే బండి నడపొచ్చని రాసిచ్చిన్రు. మొదట ఖాళీ బండి తోటి డిపోల తిరిగిన, తర్వాత జనాన్ని ఎక్కించుకున్న. బ్రేకు తొక్కిన ప్రతిసారి కాలు లేస్తదా అని ఒక్క చూపు కిందికి పోతది. పోతనే ఉంటది కావచ్చు.

కని నేను చెప్పాలనుకున్నది ఆనాటి వాపస్ ప్రయాణం గురించి. దవాఖాన నుంచి ఇద్దరం మంఖాల్ దిక్కు పోయే బస్సెక్కినం. సీట్లు దొరికినయి. తుక్కుగూడ రాకముందే అక్క నిద్రపోయింది. తల నా భుజం మీదికి ఒరిగింది. కిటికీల నుంచి చలిగాలి వస్తున్నది, అద్దం మూద్దామంటె చెయ్యి జరపాలె, జరపలేదు. భుజం తిమ్మిరెక్కింది. ఏడాదిగ ఒక్క జాగల కూసోరాని మనిషిని, ఒక్క ఇంచు కూడ కదలకుంట కూసున్న. కండక్టర్ మంఖాల్ అని అరిసిండు. ఇద్దరు ముగ్గురు దిగిన్రు. బస్సు మల్ల కదిలింది.

ముందటి స్టేజీల దిగి ఆటోల వాపస్ వస్తమనుకున్న.